తెలుగు సాహిత్యమున పిల్లల చేతిపనులు

మన కావ్యములలో బాల్యవర్ణనమునకు కొదవ లేదు. పిల్లల ఆటలను గూర్చి సాంఘిక చరిత్రకారులును, జానపద వాఙ్మయ పరిశోధకులును వ్రాసినది కొంత కలదు. అయినను ఆటకంటె ముందు ఆటవస్తువు ఉండవలెను. ఆ వస్తువును ఎవరో ఒకరు చేయవలెను. మన పల్లెలలో తరతరములుగా ఆ చేయువారు చాలవరకు పిల్లలే. ఆకు త్రుంచి, పుల్ల చెక్కి, మన్ను పిసికి, నార పేని, తమకు కావలసిన దానిని తామే కల్పించుకొనెడివారు. ఈ పనితనమును మన సాహిత్యము ఏ మేరకు గమనించినది, గమనించినపుడు ఏ రూపమున నిలుపుకొన్నది, నిలుపుకొనక విడిచినది ఏమి అను ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింపదలచినాము.

ముందుగా విషయపరిధిని నిర్ణయించుకొనుట అవసరము. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేయు బొమ్మలు, ఏటికొప్పాకలో అంకుడు కర్రపై లక్కపూతతో చేయు బొమ్మలు ప్రసిద్ధములు. నిర్మల బొమ్మల పేరు వినని తెలుగువాడు ఉండడు. ఇవి పిల్లల చేతికి చేరునవే కాని పిల్లల చేతినుండి వచ్చినవి కావు. వాని వెనుక వృత్తి, అంగడి, వెల, పెద్దల శిక్షణ ఉన్నవి. మేము ఇచట గ్రహించునవి వేరు. వీనికి నాలుగు లక్షణములను చెప్పవచ్చును. వీనికి వెల లేదు. వీని ఆయుష్షు తరచుగా ఒక దినము, ఎక్కువైన ఒక ఋతువు. వీనికి కావలసిన సామగ్రి ఆ యూరిచెట్టు, ఆ యూరి చెరువు, ఆ నెల యిచ్చునదే. వీనిని నేర్పువాడు గురువు కాడు. నేర్చుకొనువానికంటె రెండుమూడేండ్లు పెద్దవాడైన మరియొక పిల్లవాడు.

వీనిలో శిల్పమేమున్నదని శంకింపవచ్చును గనుక మూడు ఉదాహరణములను కొంత వివరముగా చూపుదుము. మొదటిది కొబ్బరాకు బూర. పచ్చి కొబ్బరాకు పాయను గైకొని నడిమి ఈనెను చీల్చి తీసివేయుదురు. మిగిలిన పట్టీని ఒక కొస సన్నముగా, రెండవ కొస వెడల్పుగా ఉండునట్లు చుట్టుకొని పోవుదురు. ప్రతిచుట్టును ముందటి చుట్టును సగమువరకు కప్పవలెను. తుదిని ముల్లుతోనో, తీసివేసిన ఈనెముక్కతోనో గ్రుచ్చి నిలుపుదురు. సన్నని కొసలో మడిచిన ఆకుముక్కను పీకగా అమర్చి, పండ్లతో కొంచెము అదిమి ఊదుదురు. ఆకు ఎండినదైన చిట్లును. చుట్టు వదులైన గాలి ప్రక్కలకు పోయి నాదము పుట్టదు. ఊదగల బూర చేతికి వచ్చులోపల పిల్లవానికి ఆకు స్వభావము, గాలి స్వభావము రెండును తెలిసిపోవును.

రెండవది ముంజకాయల బండి. వేసవిలో ముంజలు జుర్రుకొన్న తరువాత మిగిలిన రెండు కాయలను చక్రములుగా చేసి, వాని నడుమ ఒక పుల్లను ఇరుసుగా దూర్తురు. పొడవైన పంగలకర్రను తెచ్చి, పంగను ఇరుసుపై ఆనించి, వెనుకనుండి నెట్టుకొనుచు పరుగెత్తుదురు. రంధ్రము కాయకు సరిగా నడుమ పడనిచో బండి కుంటును. కాయ ఎండి ముడుచుకొన్న కొలది రంధ్రము వదులై బండి చెడును. కావున నేటి బండి నేటికే. మూడవది గాలిపటము. కాగితమునకు ఒక ఈనె నిలువుగాను, మరియొకటి విల్లువలె వంచి అడ్డముగాను కట్టుదురు. ఈ రెండును కుదిరిన తరువాత అసలు కష్టము మొదలగును. అది సూత్రము కట్టుట. ఈనెలు కలియు చోటినుండి ఒకపోగు, క్రిందినుండి ఒకపోగు తెచ్చి ముడివేయవలెను. ఆ రెంటి పొడవులలో కొద్ది తేడా వచ్చినను పటము పైకి లేవదు, లేక గిరగిర తిరిగి క్రిందపడును. ఒక ప్రక్కకు వాలినచో రెండవ ప్రక్క గుడ్డపీలికను కట్టి సరిచేయుదురు. తూకము, కోణము, సమత అను భావములు ఏ పుస్తకమును తెరవకయే ఇచట చేతికి అందుచున్నవి. శాస్త్రములకు మాత్రమే చెల్లునని మనమనుకొను సూత్రమను మాట పిల్లల నోట ఇంత నిర్దిష్టముగా నిలిచియుండుట గమనింపదగినది.

ఇట్టి పనితనము మన గ్రంథములలో మొదట పేరుగా కనిపించును. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనము. ఆ కవి పిల్లల ఆటల పేర్లను విడువకుండ కూర్చినాడు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున ఆ కావ్యమును విరివిగా ఉపయోగించుకొన్నారు. ఇట్టి పట్టికల విలువ కాదనరానిది. పేరే లేనిచో వెదకుటకు ఆధారమే లేకపోయెడిది. అయితే పట్టికకు స్వాభావికమైన ఒక లోపము కలదు. అది తెలిసినవానికి గుర్తుచేయునే కాని తెలియనివానికి చెప్పదు. కవికాలపు చదువరికి ప్రతిపేరు వెంట ఒక వీధి, ఒక అరుగు, ఒక వస్తువు మనసున మెదలియుండును. నేటి చదువరికి వానిలో కొన్ని కేవలము శబ్దములు.

నిఘంటువులు ఈ లోటును పూరింపగలవని ఆశించుట సహజము. కాని బాలక్రీడలను గూర్చిన పదములు వచ్చినపుడు క్రీడావిశేషమని ఒక్క మాటతో ముగించుట మన నిఘంటుకారులకు పరిపాటి యైనది. ఆ యాట ఎట్లాడుదురో, దానికేమి కావలెనో, ఆ వస్తువును ఎట్లు చేయుదురో ఆ అర్థమువలన తెలియదు. ఓషధుల పేర్లకు, నగల పేర్లకు ఇంతకంటె మేలైన వివరణము లభించుట కలదు. పిల్లల లోకము పెద్దలకు తెలిసినదే కదా యను భావమే ఈ ఉపేక్షకు మూలమని మేము తలంతుము. తెలిసినదని వ్రాయక విడిచినదే ముందుగా మరుగుపడును.

పోతన భాగవతమునకు వచ్చినచో స్థితి కొంత భిన్నము. దశమస్కంధమున గోపబాలురు అడవికి పోయి చల్దులు కుడుచు ఘట్టము తెలుగువారికి సుపరిచితము. అచట రాళ్ళు, చిగుళ్ళు, పువ్వులు, ఆకులు, చిక్కములు కంచములగును. మూలభాగవతమున ఆ బాలురు ఇంట నగలు పెట్టుకొని వచ్చినవారే యైనను పండ్లతోను, చివుళ్ళతోను, పూగుత్తులతోను, నెమలి యీకలతోను, అడవిలోని రంగు మన్నులతోను మరల అలంకరించుకొందురు. మారేడుకాయలు, ఉసిరికాయలు వారికి ఆటవస్తువులు. కప్పవలె గంతులు వేయుట, పక్షులను అనుకరించుట, ఊయలలూగుట వారి వినోదములు. ఒక వస్తువును మరియొక వస్తువుగా చూడగలుగుట చేతిపనికి తొలిమెట్టు. రాతిని కంచముగా చూచినవాడే ముంజకాయను చక్రముగా చూడగలడు. ఆ తొలిమెట్టును భాగవతము పట్టుకొన్నది. ఇంటి బంగారము ఉండగా అడవి ఆకును కోరిన పిల్లల మనస్సును గుర్తించుట సామాన్యమైన పరిశీలనము కాదు.

అయితే అదే స్కంధమున రుక్మిణి బాల్యమును చూడుడు. ఆమె బొమ్మల పెండ్లిండ్లు చేయును. గుజ్జెనగూళ్ళు వండి చెలులకు పెట్టును. ఆ బొమ్మలను ఎవరు చేసినారు, దేనితో చేసినారు అను ప్రసక్తి రాదు. రాగల వివాహమునకు ఈ ఆటలు పూర్వసూచనలు. కథ వానినుండి కోరినది అంతే. గుజ్జెనగూళ్ళు, బొమ్మరిండ్లు అను పదములు మన ప్రబంధములలో ఆడుపిల్లల ప్రసక్తి వచ్చినపుడు మరల మరల కనబడును. కాని అవి యౌవనోదయమునకు ముందు చెప్పి తీరవలసిన ఆనవాళ్ళుగా మారినవి. చేయు చేయి కనబడుట అరుదు.

ఇట్లు వస్తువు పేరుగా కాక కథలో పనిచేయు ప్రతీకగా నిలిచినపుడు ఎంతటి ఫలము కలుగునో సంస్కృత నాటకములు చూపినవి. శూద్రకుని మృచ్ఛకటికమునకు ఆ పేరే ఒక పిల్లవాని మట్టిబండివలన వచ్చినది. ఆరవ అంకమున చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగు పిల్లవాని బంగారు బండికై ఏడ్చుచుండును. ఇంటి దాసి రదనిక మట్టితో బండి చేసియిచ్చినను వాడు తృప్తిపడడు. వసంతసేన తన నగలను ఆ మట్టిబండిలో నింపి యిచ్చును. తరువాత ఆ నగలే న్యాయసభలో బయటపడి చారుదత్తుని మెడకు చుట్టుకొనును. మట్టికిని, బంగారమునకును గల తారతమ్యమంతయు ఒక ఆటవస్తువులో ఇమిడినది. కాళిదాసు శాకుంతలమున ఏడవ అంకములో సర్వదమనునకు ఇచ్చు రంగులద్దిన మట్టినెమలి అట్టిదే. ఆ పక్షి సౌందర్యమును చూడుమని తాపసి పలికిన మాటలలో తల్లి పేరు వినబడి బాలుడు తల్లికై వెదకును. దుష్యంతునకు సత్యము తెలియుటకు అది ఒక మెట్టగును.

ఈ రెండు సందర్భములును నాటకశిల్పమునకు మకుటములు. అయినను మన ప్రశ్నకు అవి ఇచ్చు సమాధానము పరిమితము. మట్టిబండిని చేసినది దాసి. బాలుడు దానిని నిరాకరించెను. మట్టినెమలి ఆశ్రమమున సిద్ధముగా ఉన్నది. రెండుచోట్లను పిల్లవాడు వస్తువును అందుకొనువాడే కాని చేయువాడు కాడు. ప్రతీకకు సిద్ధవస్తువు చాలును. దానికి తయారీతో పని లేదు. కావున ప్రతీకగా నిలిచిన ఆటవస్తువు సాహిత్యమున ఎంత వెలుగునో దాని తయారీ అంత చీకటిలో ఉండునని చెప్పవలసివచ్చుచున్నది.

ఇచట ఒక ఆక్షేపము రాగలదు. కావ్యము కావ్యమే కాని పనివివరముల పుస్తకము కాదు. రసమునకు ఉపకరింపని తయారీక్రమమును కవి ఏల చెప్పవలెను? ఈ ఆక్షేపము తోసివేయదగినది కాదు. కాని దానికి మన సాహిత్యములోనే బదులున్నది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని అతిథిపూజను వర్ణించుచు వానకాలమున, వేసవిని, చలికాలమున వేర్వేరుగా వడ్డించు పదార్థములను ఎంత సూక్ష్మముగా చెప్పినాడో మనమెరుగుదుము. ఏ ఋతువున ఏది శరీరమునకు హితమో, ఏది వేడిగా ఉండవలెనో, ఏది చలువయో ఆయనకు తెలియును. ఆ వివరము రసమునకు అడ్డు రాలేదు సరికదా, గృహస్థుని భక్తికి అదే ప్రమాణమైనది. వంటయింటిని ఇంత శ్రద్ధతో చూడగలిగిన సాహిత్యము వీధిలోని పిల్లవాని చేతిని అంత శ్రద్ధతో చూడలేదన్నచో దోషము కావ్యధర్మమునది కాదు. చూపు ఆ వైపు మరలకపోవుటయే కారణము.

చూపు మరలినపుడు ఏమగునో తెలియుటకు పొరుగుభాషనుండి ఒక నవలను ఉదాహరింతుము. విభూతిభూషణ్ బందోపాధ్యాయ రచించిన పథేర్ పాంచాలి 1929లో గ్రంథరూపమున వెలువడినది. అందు రెండవ భాగమునకు రచయిత ఆమ్ ఆంటిర్ భేంపు అని పేరిడినాడు. అనగా మామిడి టెంక బూర. మొలకెత్తిన టెంకలోని జీడిని గరుకురాతిపై అరగదీసి, రెండు బద్దల నడిమి సందు బయటపడగానే ఊదుదురు. అపూ, దుర్గల బాల్యమంతయు ఆ భాగములోనిదే. అపూ చిన్నపెట్టెలో దాచుకొన్న పెంకుముక్కలు, ఎండినకాయలు చదువరి మరువలేనివి. తోపులన్నియు తిరిగి ఏ కాయ ఎచట దొరకునో ఎరిగిన దుర్గయే తమ్మునికి అడవి బడిలో గురువు. రచయిత ఇచట పట్టిక వ్రాయలేదు; ప్రతీకనుగూడ బలవంతముగా నిలుపలేదు. పేదయింటి పిల్లలకు కొనుటకు డబ్బు లేదు, వెదకుటకు తోపు ఉన్నది. ఈ ఒక్క స్థితినుండి వస్తువు, దానిని కనుగొను నేర్పు, అక్కాతమ్ముల అనుబంధము మూడును కలిసి పుట్టుచున్నవి. తరువాత దుర్గ మరణించినపుడు చదువరి పోగొట్టుకొన్నది ఒక బాలికను మాత్రమే కాదు, ఆ తోపునకు దారి తెలిసినదానిని.

దీనికి పూర్తిగా భిన్నమైన మార్గము పనివివరముల గ్రంథము. అమెరికాలో డేనియల్ కార్టర్ బియర్డ్ 1882లో ప్రకటించిన అమెరికన్ బాయ్స్ హాండీ బుక్ ఈ కోవలో పేరొందినది. గాలిపటములు, చేపలు పట్టుట, పడవలు, మంచుకోటలు మొదలగువానిని రచయిత తానే గీసిన బొమ్మలతో సహా వివరించినాడు. ఆయన చెల్లెండ్రు లీనా, అడెలియా బియర్డ్ 1887లో ఆడుపిల్లలకై అట్టి పుస్తకమునే వెలువరించిరి. బియర్డ్ గ్రంథములో మమ్ము ఆకర్షించినది దాని కూర్పు. అది వసంతము, వేసవి, శరత్తు, శీతకాలము అను ఋతుక్రమమున విభజింపబడినది. పిల్లల పనితనమునకు మొదటి సూత్రము ఋతువే యని రచయిత ఎరుగును. మన పిల్లలకు ముంజలు ఎట్లు వేసవివో, గాలిపటములు ఎట్లు సంక్రాంతివో, అట్లే అచటి మంచుకోట శీతకాలమునది. పేరు మాత్రము నిలిపిన మన పట్టికకు, చేయు విధమును చెప్పిన ఆ గ్రంథమునకు గల తారతమ్యము స్పష్టము. ఎవడైనను ఆ పుట తెరచి ఆ పటమును నేడు మరల చేయగలడు.

అయితే ఆ మార్గమునకును మేర కలదు. పుస్తకము ముందు కూర్చున్న పిల్లవాడు ఒంటరి. బ్రిటనులో అయోనా ఓపీ, పీటర్ ఓపీ దంపతులు 1959లో ప్రకటించిన పరిశోధన, బడిపిల్లల మాటలు, పద్యములు, ఆచారములు పెద్దల ప్రమేయము లేకయే పిల్లలనుండి పిల్లలకు సంక్రమించునని విస్తారమైన సేకరణముతో నిరూపించినది. చేతిపనియు అట్లే. సూత్రము ముడి ఎచట బిగింపవలెనో పుస్తకము చెప్పును. ఎంత బిగింపవలెనో ప్రక్కనున్న పెద్దపిల్లవాని వ్రేలు చెప్పును. బియర్డ్ గ్రంథము మొదటిదానిని నిలిపినది. విభూతిభూషణుని నవల రెండవదానిని నిలిపినది. పూర్ణమైన చిత్రమునకు రెండును కావలెను.

మన దేశమున చేతిపనిని విద్యలో నిలుపవలెనను యత్నము లేకపోలేదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసభ గాంధీజీ ఆలోచనను అనుసరించి చేతివృత్తిని ప్రాథమిక విద్యకు కేంద్రముగా స్వీకరించినది. ఆ ప్రణాళికలో నూలువడుకుట వంటి పనులకు ముఖ్యస్థానము లభించినది. అది గొప్ప ఆశయము. కాని ఆ పనికి ఫలము వస్తువు. ఆ వస్తువునకు వెల ఉండవలెనని, దానివలన బడి కొంతవరకు నిలువవలెనని కోరిక. పిల్లల స్వంత చేతిపనికి అట్టి ప్రయోజనము లేదు. ప్రయోజనము లేకపోవుటయే దాని ప్రాణము. ఈ స్వభావమునకు దగ్గరగా వచ్చినవాడు అరవింద్ గుప్తా. 1987లో వెలువడిన ఆయన అగ్గిపుల్లల నమూనాల పుస్తకమునుండి నేటివరకు పారవేయు వస్తువులతో ఆటబొమ్మలు చేయించి, వాని ద్వారా విజ్ఞానశాస్త్రమును బోధించుచు వచ్చినాడు. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆయన బొమ్మ విరిగినను చింత లేదు, మరల చేయవచ్చును. కాని అచటను బొమ్మ ఒక పాఠమునకు వాహనము. ముంజకాయల బండి ఏ పాఠమునకును వాహనము కాదు; దాని పాఠము దానిలోనే యున్నది.

ఇక మన పరిశోధనరంగమునకు వత్తము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశము వ్యవసాయ పదములను ప్రాంతభేదములతో సేకరించినది. 1971లో చేనేత పదముల సంపుటము వెలువడినది. నాగలిలోని ప్రతిభాగమునకు, మగ్గములోని ప్రతిపుల్లకు పేరున్నదని, ఆ పేరు ఊరూరికి మారునని, ఆ మార్పు భాషాచరిత్రకు సాక్ష్యమని ఆ కృషి నిరూపించినది. ఇదే ధర్మము పిల్లల పనితనమునకును వర్తించును. బొంగరము నిలువునా ఎట్లు కూరబడినది, దాని మేకునకు, త్రాటికి ఏ యూర ఏ పేరు, గాలిపటమును పతంగి యనుచోట దాని సూత్రమును ఏమందురు, ఈత నేర్చుపిల్లవాని వీపునకు కట్టు బెండును ఏ చెట్టునుండి తీయుదురు అను విషయములు వృత్తిపదములవలెనే శ్రద్ధకు అర్హములు. రైతునకు, సాలెవానికి వృత్తి యున్నట్లే పిల్లవానికి ఆట వృత్తి.

జానపద వాఙ్మయమున ఆటపాటలను సేకరించిన విద్యార్థులు పాటకు ఇచ్చినంత విలువ వస్తువునకు ఇయ్యరైరి. పాట చెవికి దొరకును, వ్రాసికొనవచ్చును. వస్తువును వ్రాసికొనుట కష్టము. దానిని చేయించి చూడవలెను. కావున ఇకమీద సేకరణమునకు పూనుకొనువారు పేరుతో తృప్తి చెందక అయిదు విషయములను తప్పక గ్రహింపవలెనని మా అభిప్రాయము. సామగ్రి ఏది, అది ఏ నెల దొరకును, చేయుక్రమమేది, చెడిన ఎట్లు సరిచేయుదురు, ఎవరివలన నేర్చిరి. నాలుగవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. పటము వాలినచో పీలిక కట్టవలెనన్న మాట చేసినవానికే తెలియును, చూచినవానికి తెలియదు. ఆ ఒక్క సమాధానము వలన సమాచారము వినికిడియో అనుభవమో తేలిపోవును.

సాహిత్యవిమర్శకును దీనివలన ఒక కొలమానము లభించును. బాల్యమును వర్ణించిన కావ్యమో, కథయో, నవలయో మన ముందుకు వచ్చినపుడు అందలి పిల్లవాడు వస్తువులను పొందువాడా, చేయువాడా అని అడుగవలెను. పొందువాడుగా మాత్రము చూపిన రచన ఎంత మధురమైనను పెద్దల కంటితో చూచిన బాల్యమే. చేయువాడుగా చూపిన రచనలో పిల్లవానికి తెలివి, ఓర్పు, వైఫల్యము, మరల ప్రయత్నము అన్నియు ఉండును, అతడు పాత్రయగును. హంసవింశతి పట్టిక మనకు పేర్లనిచ్చినది. మృచ్ఛకటికము వస్తువునకు అర్థమునిచ్చినది. భాగవతము చూపునిచ్చినది. చేయు చేతిని నిలుపుట మాత్రము తెలుగు రచయితకును, తెలుగు పరిశోధకునకును ఇంకను మిగిలియున్న పని. ఆ చేతులు గల పెద్దలు నేటికిని మన యూళ్ళలో ఉన్నారు. వారికి పచ్చియాకును అందించి అడిగిన, చెప్పుటకంటె ముందు చేసి చూపుదురు. వారు చేయుచుండగా మనము వ్రాసికొనిననాడు క్రీడావిశేషమను మాట మన నిఘంటువులలో నిలువవలసిన పని యుండదు.